కృష్ణా జలము – కడలి పైరు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు సముద్రతీరము లేదు. అయినను ఈ జిల్లాలలోని ప్రతి గ్రామమునకును సముద్రముతో సంబంధము కలదు. ఆ సంబంధమును కలుపునది కృష్ణానది. మహాబలేశ్వరము చెంత జన్మించి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించు ఈ నది జూరాల ఆనకట్టను దాటి, గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ సాగి, అలంపురమునకు దిగువ తుంగభద్రను కలుపుకొని, నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిల వద్ద శ్రీశైల జలాశయమై విశాలమగుచున్నది. ఆ పిదప నాగార్జునసాగరమును, పులిచింతలను, విజయవాడ కడనున్న ప్రకాశం బారేజిని దాటి, హంసలదీవి ప్రాంతమున బంగాళాఖాతమును చేరుచున్నది.

నది మోసికొనిపోవునది నీరు మాత్రమే కాదు. పొలములలో చల్లిన యూరియాలో పైరునకు అందక మిగిలిన భాగము, గ్రామముల మురుగు, వానకు కోసికొనివచ్చిన ఒండ్రుమట్టి, రాళ్ళనుండి కరగివచ్చిన లవణములు, ఇవన్నియు నీటితో పాటు పయనించుచున్నవి. సముద్రమును చేరినపిదప ఇవి అచటి సూక్ష్మజీవులకు ఎరువగుచున్నవి. ఆ ఎరువు ఎంత అనుట ముఖ్యమే. కాని ఏ ఎరువు ఏ పాళ్ళలో చేరుచున్నది అనుట అంతకంటె ముఖ్యము. పాళ్ళు మారినచో సముద్రపు పైరు మారును. పైరు మారినచో చేపల సంపద మారును. పల్లెలోని పొలమునకును, దూరమునగల సముద్రమునకును ఒకే ప్రకృతి సూత్రము వర్తించు తీరును పంచాయతీ సభ్యులకు తెలుపుటకు ఈ పాఠము ఉద్దేశింపబడినది.

కడలియందలి పైరు

సముద్రజలమును గాజుపాత్రలో ముంచి చూచినచో తేటగా కనబడును. ఆ నీటినే సూక్ష్మదర్శినితో పరిశీలించినచో ఎన్నియో జీవులు కానవచ్చును. ఇవి ప్రవాహమునకు ఎదురీదజాలక నీటి వాలును బట్టి తేలుచుండుటచే వీనిని ప్లవకములందురు. వీనిలో రెండు తెగలు కలవు. సూర్యరశ్మి సహాయమున తమ ఆహారమును తామే తయారుచేసికొనునవి వృక్షప్లవకములు. వానిని తిని బ్రతుకునవి జంతుప్లవకములు. భూగోళముపై ఆకుపచ్చని జీవులన్నియు సూర్యరశ్మితో చేయు ఆహారోత్పత్తిలో ఇంచుమించు సగము సముద్రములోని వృక్షప్లవకములే చేయుచున్నవి. మేకకు పచ్చిక ఎట్టిదో చేపకు వృక్షప్లవకము అట్టిది. దానిని రొయ్యజాతికి చెందిన అతిచిన్న జంతువులు తినును. వానిని కవళ్ళు మొదలగు చిన్నచేపలు తినును. చిన్నచేపలను పెద్దచేపలు తినును.

భూమిపై పైరునకు వలెనే ఈ కడలి పైరునకును నత్రజని, భాస్వరము, ఇనుము మొదలగు పోషకములు కావలెను. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1934లో ఒక ముఖ్య విషయమును ప్రకటించెను. ప్లవకముల శరీరమునందు నత్రజని, భాస్వరములు ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉండును. పరమాణువుల లెక్కన భాస్వరము 1 అయినచో నత్రజని 16. తూకమున చెప్పవలెనన్నచో భాస్వరము 1 కిలోకు నత్రజని సుమారు 7 కిలోలు. ఈ రెండింటిలో ఏది ముందుగా తరిగిపోవునో అచటితో పైరు పెరుగుదల ఆగిపోవును.

డయాటములు అను వృక్షప్లవకములకు మరియొక పదార్థము కూడ అవసరము. వాని చుట్టును గాజువంటి పెంకు ఉండును. ఆ పెంకునకు సిలికా కావలెను. పరమాణువుల లెక్కన నత్రజని ఎంతయో సిలికా కూడ ఇంచుమించు అంతయే అవసరము. నదికి సిలికా ప్రధానముగ రాళ్ళు శిథిలమగుట వలన లభించును. సముద్రమునందలి చేపలకు ముఖ్యాహారమును సమకూర్చువానిలో డయాటములు ప్రధానమైనవి.

పల్లిచేను చెప్పు సూత్రము

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని కలదు. అయినను మొక్క దానిని నేరుగ గ్రహింపజాలదు. ఆ వాయువును కరగు లవణముగ మార్చినగాని ఉపయోగము లేదు. ఈ మార్పునకే నత్రజని స్థాపనమని పేరు. 1913లో జర్మనీ దేశమున ప్రారంభమైన కర్మాగార పద్ధతిలో దీనికొరకు నాలుగైదు వందల డిగ్రీల వేడియు, అత్యధిక పీడనమును అవసరమైనవి. నేటి యూరియా ఉత్పత్తికి ఆ పద్ధతియే పునాది.

అదే పనిని వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లిచేలలో రైజోబియం జాతి సూక్ష్మజీవులు ఏ పొగగొట్టమును లేక చేయుచున్నవి. విత్తిన కొన్ని వారములకు పల్లిమొక్కను మెల్లగ పెకలించి చూచినచో వేళ్ళకు చిన్న బుడిపెలు కనబడును. ఒక బుడిపెను గోటితో చీల్చినచో లోపల గులాబి రంగు ఉన్నయెడల అది పనిచేయుచున్నదని తెలియవలెను. మొక్క సూక్ష్మజీవికి ఆహారమిచ్చును. సూక్ష్మజీవి మొక్కకు నత్రజనినిచ్చును.

ఇచట గమనింపవలసిన సూత్రము ఒకటి కలదు. పల్లిచేనునకు యూరియా అధికముగ వేసినచో వేరు బుడిపెలు తగ్గిపోవును. గాలినుండి నత్రజనిని స్థాపించుట మిక్కిలి శక్తిని వ్యయపరచు పని. తయారైన నత్రజని చెంతనే దొరకుచుండగా ఏ మొక్కయు ఆ వ్యయమును భరింపదు. నత్రజని కొరతగనుండి, భాస్వరము, ఇనుము మొదలగునవి చాలినంతగనున్నచోట మాత్రమే నత్రజని స్థాపకములకు అవకాశము ఎక్కువ. పొలమునకు చెప్పిన ఈ సూత్రమే సముద్రమునకును చెల్లును.

సముద్రమునందలి నత్రజని స్థాపకములు

సముద్రములో ఈ పనిచేయు జీవులలో ట్రైకోడెస్మియం అను నీలి ఆకుపచ్చ నాచు ప్రసిద్ధమైనది. అరేబియా సముద్రమునందును, బంగాళాఖాతమునందును ఫిబ్రవరి మొదలు మే వరకు, నీరు నిశ్చలముగను వెచ్చగను ఉన్న దినములలో ఇది పైకి తేలి రంపపుపొట్టు చల్లినట్లు చారలుగ కనబడుచుండును. పూర్వము నావికులు దీనిని సముద్రపు రంపపుపొట్టు అనియే పిలిచిరి.

మరియొక తెగ ఇంకను విచిత్రమైనది. రిచేలియా అను నత్రజని స్థాపక జీవి కొన్ని డయాటముల గాజుపెంకులలో కాపురముండును. పల్లివేరునకును రైజోబియమునకును గల పొత్తు వంటిదే ఈ పొత్తు. దక్షిణ అమెరికాలోని అమెజాను నది సముద్రమున కలియు మేర శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధన 2008లో ప్రకటింపబడినది. నదీముఖమున మొదట బురద వలన వెలుతురు చొరక ప్లవకములు అంతగా పెరుగవు. మరికొంత దూరమున బురద దిగిపోగా, నది తెచ్చిన నత్రజనిని సామాన్య ప్లవకములు త్వరగా వాడివేయును. అటుపై నత్రజని లేక, భాస్వరము, సిలికా మిగిలియుండును. ఆ మేరలోనే రిచేలియా నివసించు డయాటములు విస్తారముగ పెరిగి, గాలినుండి వచ్చిన నత్రజనిని సముద్రమునకు చేర్చుచున్నవి. అనగా నది తన ఎరువుతో ఒక పంటను పండించి, మిగిలిన భాస్వర సిలికాలతో నత్రజని స్థాపకముల రెండవ పంటను పండించుచున్నది. నది తెచ్చు పాళ్ళు మారినచో ఈ రెండవ పంట ముందుగా దెబ్బతినును.

మన తీరజలముల పరిశీలనకు దీర్ఘచరిత్ర కలదు. విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1950 దశాబ్దమున అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లా ఫాండ్ సహకారముతో తీరజలములు పరిశీలింపబడినవి. ఆచార్య పి. ఎన్. గణపతి మొదలగు జంతుశాస్త్రజ్ఞులు ప్లవకములను పరిశోధించిరి. 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ స్థాపింపబడినది. విశాఖపట్టణమున దానికి ప్రాంతీయ కేంద్రము కలదు.

బంగాళాఖాతము యొక్క విశేషము నదీజలము. గంగా, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణలు తెచ్చు మంచినీరు ఉప్పునీటికంటె తేలికయగుటచే పాలపై మీగడవలె పైన పరచుకొనును. ఈ పొర వలన అడుగునగల పోషకములు పైకి వచ్చుట కష్టము. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరములలో కొలిచి చూడగా, బంగాళాఖాతమున నత్రజని స్థాపనము అల్పముగ నున్నట్లు తేలినది. కావున తీరమునకు చేరువగల ప్లవకములకు నది తెచ్చు పోషకముల విలువ హెచ్చు.

నది తెచ్చునది, జలాశయము నిలుపునది

కృష్ణానది పరీవాహము మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది. గడచిన శతాబ్దపు మొదటి అర్ధభాగమున ఈ నది ఏటా సగటున 50 ఘన కిలోమీటర్లకు పైగా, అనగా 1,750 టి.ఎం.సి.లకు మించిన నీటిని సముద్రమునకు చేర్చుచుండెడిది. సేద్యము పెరిగిన కొలది ఇది తగ్గినది. 2001 – 2004 కరవు సంవత్సరములలో సముద్రమును చేరినది మిక్కిలి స్వల్పము. మరల 2009 అక్టోబరులో వచ్చిన వరదకు అలంపురము, కర్నూలు జలమయమైనవి.

నీటితో పాటు మట్టియు తగ్గినది. దీనికి నిదర్శనము ఈ జిల్లాల ముంగిటనే కలదు. శ్రీశైల జలాశయపు సామర్థ్యము మొదట 308 టి.ఎం.సి.లు. తరువాతి కొలతలలో అది సుమారు 215 టి.ఎం.సి.లుగా తేలినది. నాగార్జునసాగర సామర్థ్యము 408 టి.ఎం.సి.ల నుండి 312 టి.ఎం.సి.లకు తగ్గినది. ఈ తగ్గుదలకు ముఖ్యకారణము అడుగున పేరుకొనిన ఒండ్రు. పొలములనుండి కొట్టుకొనివచ్చిన సారవంతమైన పైమట్టి అందు కలదు. ఆ మట్టికి అంటుకొని భాస్వరమును ఉండిపోవుచున్నది. నిలిచిన నీటిలో పెరుగు డయాటములు సిలికాను గ్రహించి, చనిపోయి అడుగున పడును. ఆ విధముగ సిలికాలో కొంత భాగము జలాశయముననే నిలిచిపోవును.

నత్రజని సంగతి వేరు. నైట్రేటు రూపమునగల నత్రజని మట్టికి అంటుకొనదు. నీటిలో కరగి నీటితో పోవును. దారిలో కొంత పైరులు వాడుకొనును. కొంత సూక్ష్మజీవుల వలన తిరిగి గాలిలో కలియును. కావున ఇటిక్యాల పొలమున చల్లిన యూరియా అంతయు హంసలదీవికి చేరునని అనరాదు. కాని ఎరువుల వాడకము, మురుగు పెరుగుట వలన నత్రజని హెచ్చుచు, జలాశయముల వలన భాస్వరము, సిలికా తగ్గుచుండినచో పాళ్ళు చెడును. అట్టి నీటిలో నత్రజని స్థాపకములకు తావులేదు. డయాటములకు సిలికా చాలదు. పెంకు లేని ఇతర నాచులు, కొన్ని యెడల విషపూరితములైనవి, ఆ స్థానమును ఆక్రమించును.

జలాశయములు ఈ ప్రాంతమునకు సాగునీటిని, త్రాగునీటిని, విద్యుత్తును ఇచ్చినవి. వానిని నిందించుట ఇచటి ఉద్దేశము కాదు. జలాశయము ఉన్నపుడు దాని ఎగువనున్న గ్రామముల బాధ్యత పెరుగునని చెప్పుటయే ఉద్దేశము.

పాళ్ళు తప్పిన చోట్ల జరిగినది

ఈజిప్టు దేశమున నైలు నదిపై అస్వాన్ ఉన్నత ఆనకట్ట నిర్మింపబడగా, 1964 నుండి వరదనీరు నిలుపబడినది. 1962లో ఆ తీరమున సుమారు 18,000 టన్నులు లభించిన సార్డీను చేపలు 1960 దశాబ్దపు చివరకు 1,000 టన్నుల లోపునకు పడిపోయినవి. వరదతో వచ్చు పోషకములు ఆగుటయే ప్రధాన కారణము. తరువాత కాలమున ఎరువులు, నగరముల మురుగు సముద్రమును చేరుట అధికమై 1980 దశాబ్దము నుండి చేపలు తిరిగి పెరిగినవి. నది ఎరువు లేనిదే తీరమున చేప లేదని దీనివలన తెలియుచున్నది.

ఎరువు మితిమీరినచో ఏమగునో అమెరికాలోని మిసిసిపీ నది చూపుచున్నది. మొక్కజొన్న పొలములనుండి వచ్చు నైట్రేటు వలన మెక్సికో సింధుశాఖలో ప్లవకములు విపరీతముగ పెరిగి, చచ్చి, అడుగున కుళ్ళుచున్నవి. కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోవును. ఒక కిలో నత్రజనితో పెరిగిన ప్లవకము పూర్తిగ కుళ్ళుటకు సుమారు 20 కిలోల ప్రాణవాయువు ఖర్చగును. 2017 వేసవిలో అచట ప్రాణవాయువు కొరవడిన ప్రదేశము 22,700 చదరపు కిలోమీటర్లుగా కొలువబడినది. ఐరోపాలోని డాన్యూబ్ నదిపై ఆనకట్టల వెనుక సిలికా నిలిచిపోవుటచే నల్లసముద్రమున డయాటములు తగ్గి ఇతర నాచులు పెరిగినవని 1997లో ప్రకటింపబడిన పరిశోధన సూచించినది. బాల్టిక్ సముద్రమున దీనికి భిన్నమైన స్థితి. అచట నత్రజనికంటె భాస్వరము పాలు హెచ్చి, వేసవిలో నత్రజని స్థాపక నాచులే సముద్రముపై పచ్చని తెట్టుగ వ్యాపించుచున్నవి. వానిలో కొన్ని విషమును పుట్టించును. నత్రజని స్థాపనము తనంత తానే మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. పాళ్ళే ప్రధానము.

గ్రామపు చెరువే గురువు

ఈ సంగతిని గ్రహించుటకు సముద్రము వరకు పోనక్కరలేదు. మురుగు చేరు కుంటపై వేసవిలో చిక్కని ఆకుపచ్చ తెట్టు కట్టుట అందరు చూచినదే. అట్టి కుంటలో తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరచుచు పైకి వచ్చుట, కొన్నిమారులు గుంపుగ చచ్చి తేలుట మత్స్యకారులకు తెలిసినదే. రాత్రివేళ నాచు కూడ ప్రాణవాయువును వాడుకొనుటచే తెల్లవారునప్పటికి అది అడుగంటును. చెరువు చేపపిల్లలపై మత్స్య సహకార సంఘము పెట్టిన ధనము ఒక్క రాత్రిలో పోవుటకు ఇది ఒక కారణము. పశువులు త్రాగు నీటియందు విషపు నాచు పెరుగుట మరియొక అపాయము. దివిసీమ మత్స్యకారునికి కలుగు నష్టమును, సోమశిల మత్స్యకారునికి కలుగు నష్టమును ఒకే మూలము నుండి పుట్టుచున్నవి.

పంచాయతీలు చేయదగిన పనులు

1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో 29 విషయములు కలవు. వ్యవసాయము, చిన్ననీటి పారుదల, మత్స్య పరిశ్రమ, త్రాగునీరు, పారిశుద్ధ్యము వానిలోనివే. కావున ఈ క్రింది పనులు పంచాయతీ పరిధికి వెలుపలివి కావు.

1. భూసార పరీక్ష చేయించి, ఫలితమును బట్టియే ఎరువు వేయునట్లు రైతులను ప్రోత్సహింపవలెను. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. వరిలో వేసిన నత్రజనిలో సగమునకు మించి పైరునకు అందకయే పోవుచున్నది. ఒకేసారి వేయక దఫాలుగ వేసినచో నష్టము తగ్గును. యూరియా చల్లిన పిదప కొన్ని దినములు మడినీటిని వాగులోనికి వదలరాదు. గద్వాల ప్రాంతపు విత్తనపత్తి చేలలో ఎరువుల వాడకము అధికము కావున అచట ఈ జాగ్రత్త మరింత అవసరము.

2. వరి, పత్తి వెంబడి పల్లి, కంది, పెసర, మినుము వంటి పైరులను మార్చి వేయుటను ప్రోత్సహింపవలెను. వేరు బుడిపెలు ఇచ్చు నత్రజనికి వెల లేదు.

3. మురుగుకాలువను నేరుగ చెరువునకో వాగునకో కలుపరాదు. ఇండ్లకడ ఇంకుడు గుంతలు త్రవ్వింపవలెను. కాలువ చివర మురుగు నిలుచు గుంటను ఏర్పరచి, అందలి మొక్కలను ఎప్పటికప్పుడు తీసి ఎరువుగ మార్పవలెను.

4. పెంటకుప్పలు వాగు గట్టున ఉండరాదు. ఎరువు గుంతలలో చివికించి పొలమునకు చేర్పవలెను. మొదటి వానకు కొట్టుకొనిపోవు పెంట రైతునకు నష్టము, చెరువునకు కీడు.

5. చెరువు పూడికను వేసవిలో తీయించి పొలములకు తరలింపవలెను. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకమున ఈ పని విస్తారముగ జరిగినది. పూడికమట్టిలోని భాస్వరము తిరిగి పొలమునకు చేరును. గట్లు, వాగుల అంచులందు గడ్డి, చెట్లు పెంచినచో పైమట్టి కదలక నిలుచును.

6. పాఠశాల విద్యార్థుల సహాయముతో చెరువు నీటిని నెలకొకమారు పరీక్షింపవచ్చును. తెల్లని రంగు వేసిన పళ్ళెమునకు బరువు కట్టి, త్రాడుతో నీటిలోనికి దింపి, అది కనుమరుగగు లోతును పుస్తకమున వ్రాయవలెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు సెక్కి 1865లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిని నేటికిని శాస్త్రజ్ఞులు సముద్రములపై వాడుచున్నారు. బురద లేని దినములలో లోతు తగ్గుచుండినచో నాచు పెరుగుచున్నదని గ్రహింపవలెను. ఆ పుస్తకమును గ్రామసభలో చదివి వినిపించుట మంచిది.

ఒక గ్రామము వదలు నత్రజని నదిలో బొట్టువంటిదే. కాని కృష్ణ అట్టి వేల గ్రామముల బొట్ల కూడిక. ఎగువవారు వదలినది దిగువవారు త్రాగుచున్నారు. చివరకు కడలి పైరునకు అదియే ఎరువగుచున్నది. ఎరువు పొలముననే నిలిచినచో రైతునకు లాభము, చెరువునకు క్షేమము, తీరమునకు మేలు. ఈ మూడును ఒకే పనివలన సిద్ధించును గాన, రానున్న వానకాలపు విత్తనములకు ముందే గ్రామసభలో ఈ విషయమును చర్చించి, భూసార పరీక్షలు, మురుగు గుంటలు, పూడికతీత అను మూడు పనులనైన నిర్ణయించుట ప్రతి పంచాయతీకిని ఉచితము.